ఇంట్లో నాన్నగారితో కలిసి చిన్న తెరచాప పడవ చేయవచ్చా?

నమస్కారమండీ. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను, తప్పయితే దిద్దండి. మీరు రాజమహేంద్రవరంలో ఉంటున్నారు. మీ నాన్నగారు రైల్వేలో వడ్రంగిగా పనిచేసి విరమించారు, వయసు 66. ఆయనతో కలిసి మీ ఇంటి పెరట్లో, మీ 11 ఏళ్ల అబ్బాయి నడపగలిగే చిన్న చెక్క పడవను తెరచాపతో సహా తయారుచేయాలనుకుంటున్నారు. టేకుతో చేయాలా ప్లైవుడ్‌తోనా, మేకులా జిగురా, ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, పూర్తయ్యాక పెరట్లోంచి బయటకు ఎలా తేవాలి, "పడవ పని పడవల వడ్రంగులకే తెలుస్తుంది, బల్లలూ కుర్చీలూ చేసిన చేతికి రాదు" అని మీ బంధువులు అన్న మాటలో నిజమెంత అన్నవి మీ సందేహాలు.

చేయవచ్చు. మీ నాన్నగారి పనితనం ఇందుకు చాలు, కొన్నిచోట్ల అది అవసరానికి మించినదే. 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ (నీటిని తట్టుకునే రకం) తీసుకుని, ముక్కలను తీగతో కుట్టి ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, అతికించే పద్ధతిలో, ఎనిమిది అడుగులకు మించని పడవను చేయండి. సెలవు రోజుల్లో మాత్రమే పనిచేసినా ఐదారు నెలల్లో పూర్తవుతుంది. బంధువుల మాట పాత పద్ధతి పడవల విషయంలో నిజం. ఈ పద్ధతికి వర్తించదు.

నేను కాకినాడలో పాతికేళ్లకు పైగా పడవల మరమ్మతు పనిలో ఉన్నాను. ఇంటి దగ్గర సొంతానికి చేసుకున్న చిన్న పడవలు ఐదు. వాటిలో మొదటి రెండూ పాడైపోయాయి, ఎందుకు పాడయ్యాయో చెబితే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మొదటిది 1988లో మా నాన్నగారితో కలిసి చేసినది. ఆయన ద్వారబంధాలు, తలుపులు చేసే వడ్రంగి. పాత ఇంటి తలుపుల టేకు పలకలను చిత్రిక పట్టి, అంచుకు అంచు కలిపి, సందుల్లో దూది దూర్చి గుగ్గిలం పూసి, ఎంత అందంగా చేశారంటే చూడడానికి వీధిలోవాళ్లందరూ వచ్చారు. ఫిబ్రవరిలో నీళ్లలో దించినప్పుడు చుక్క నీరు లోపలికి రాలేదు. తర్వాత దానిని ఇంటికి తెచ్చి పెరట్లో బోర్లించాము. మే నెలలో కింద దూరి చూస్తే పలకల సందుల్లోంచి ఆకాశం కనిపించింది. తప్పు నాన్నగారి పనిలో లేదు. పలకలతో కట్టిన పడవ నీళ్లలోనే ఉంటే కొయ్య ఉబ్బి సందులు మూసుకుంటాయి; ఎండలో ఆరితే కుంచించుకుని తెరుచుకుంటాయి. రేవులో ఏడాదంతా తడిగా ఉండే నావకు ఆ పద్ధతి సరిపోతుంది. నెలకు రెండుసార్లు మాత్రమే నీళ్లలో దిగి మిగిలిన రోజులు గోదావరి జిల్లా ఎండలో పెరట్లో పడి ఉండే పడవకు అది పనికిరాదు. ప్లైవుడ్‌లో పొరలు అడ్డదిడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి వెడల్పులో అంత మార్పు రాదు. టేకు వద్దనడానికి కారణం ఇదే.

రెండవది ప్లైవుడ్ పడవే. పలక మీద "మెరైన్" అన్న ముద్ర చూసి కొన్నాను. ఒక్క వర్షాకాలం గడిచేసరికి అడుగు భాగంలో పొరలు పూతరేకుల్లా విడిపోయాయి. అప్పటినుంచి ముద్రను నమ్మడం మానేశాను. మీరు అడగవలసినది ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ఉన్న ప్లై. దుకాణాల్లో "710 ప్లై" అంటే తెలుస్తుంది. వంటగది అరలకు అమ్మే బీడబ్ల్యూఆర్ రకం ఐఎస్ 303 కిందకు వస్తుంది, అది తడిని కొంత ఓర్చుకుంటుంది కాని పడవకు చాలదు. 710 రకానికి జిగురు పరీక్షగా 72 గంటలు మరిగే నీటిలో ఉంచుతారు. ఇంట్లో ఆ పరీక్షను చిన్నగా చేయండి: షీటు కొనే ముందు అదే లాటులోంచి అరచేయంత ముక్కను అడిగి తెచ్చుకుని, పాత గిన్నెలో నాలుగైదు గంటలు మరిగించి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ మరిగించి, ఆరిన తర్వాత అంచు దగ్గర చాకు మొన గుచ్చి పొరలు విడదీయడానికి ప్రయత్నించండి. కొయ్య నార తెగాలి గాని జిగురు విడిపోకూడదు. తర్వాత షీటు నాలుగు అంచులూ పరిశీలించండి. లోపలి పొరల్లో ఖాళీలుంటే అంచున చీకటి బొక్కల్లా కనిపిస్తాయి. పలకను వేలి కణుపుతో తడుతూ పోతే డొల్లగా మోగే చోటు మీ నాన్నగారి చెవికి ఇట్టే తెలుస్తుంది. దుకాణదారు ముక్క ఇవ్వనంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.

ఇక ఎంత పడవ అన్న సంగతి. మీ అబ్బాయి వయసుకు సరిపోయే ఆకారం ప్రపంచంలో ఇప్పటికే ఉంది, దాని పేరు ఆప్టిమిస్టు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, క్లియర్‌వాటర్ పట్టణంలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత దీనిని గీశారు. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి తక్కువ ఖర్చులో ఇంటి షెడ్డులోనే చేసుకోవాలి, రెండు ప్లైవుడ్ షీట్లలో సరిపోవాలి అన్నది అప్పటి ఉద్దేశం. పొడవు 2.36 మీటర్లు, వెడల్పు 1.12 మీటర్లు. ముక్కు కొసగా లేకుండా బల్లపరుపుగా తెగి ఉండడానికి కారణం కూడా ఆ షీటు కొలతే. 8 అడుగుల షీటు అంటే 2.44 మీటర్లు, పడవ అందులో ఇమిడిపోతుంది. ఇప్పుడు పోటీల్లో పాల్గొనే ఆప్టిమిస్టులు ఫైబర్‌వి, ఖాళీ పడవ బరువు 35 కిలోలు, తెరచాప 3.3 చదరపు మీటర్లు. 15 ఏళ్ల వయసు వరకు పిల్లలు నడుపుతారు.

మీ నాన్నగారికి కూడా పడవ ఎక్కాలని ఉందని రాశారు కాబట్టి మీరు కొంచెం పెద్దదాని వైపు మొగ్గుతారని నాకు తెలుసు. పెద్దది కావాలంటే మిర్రర్ ఉంది. 1962లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి రూపొందించారు, డైలీ మిర్రర్ పత్రిక ముందుండి ప్రచారం చేసింది, తెరచాపల ఎర్ర రంగు ఆ పత్రిక గుర్తే. పొడవు 3.3 మీటర్లు, పెద్దవారూ పిల్లలూ కలిసి వెళ్లవచ్చు, కుట్టి అతికించే పద్ధతిని మామూలు ఇళ్లకు చేర్చినది కూడా అదే. అయితే 3.3 మీటర్ల పడవకు 8 అడుగుల షీటు చాలదు, రెండు షీట్లను ఏటవాలుగా చెక్కి అతికించి పొడవు చేయాలి. ఆ ఏటవాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి, అంటే 6 మిల్లీమీటర్ల ప్లైకి 48 మిల్లీమీటర్లు. నాన్నగారికి అది కష్టమేమీ కాదు, కాని జిగురు పని ఇంకా అలవాటు కాని మొదటి నెలలోనే పడవలో అత్యంత ముఖ్యమైన అతుకు వేయవలసివస్తుంది. అందుకే మొదటిది చిన్నదే చేయమంటున్నాను.

నమూనా గీతలను మాత్రం సొంతంగా గీయకండి. కొలతలన్నీ ఉన్న ప్లాను కొనుక్కోండి. పడవ ఎంత నీటిని పక్కకు తోస్తుంది, తెరచాప ఒత్తిడి ఎక్కడ పడుతుంది, చుక్కాని ఎంత ఉండాలి అన్న లెక్కలు ఒకదానితో ఒకటి ముడిపడినవి. నాన్నగారు "ముక్కు ఇంకో రెండంగుళాలు లేపితే బాగుంటుంది" అంటారు. అన్నప్పుడు సున్నితంగా వద్దనండి.

కుట్టడం అంటే చాలామందికి నవ్వు వస్తుంది. మన తీరానికి అది కొత్త కాదు. ఒడ్డు నుంచి లాగే అలివి వలలకు వాడిన మసూలా పడవల్లో పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, లోపల వాసాలు ఉండేవి కావు. కెరటం మోదినప్పుడు పడవ కొద్దిగా వంగి సర్దుకునేది, మేకుల బిగింపు అయితే అక్కడ విరిగేది. మన పనిలో కుట్టు తాత్కాలికం, ముక్కలను వంపులో పట్టి ఉంచడం వరకే దాని బాధ్యత. బలమంతా తర్వాత వేసే ఎపాక్సీది, గాజు పోగులతో నేసిన గుడ్డది.

ప్లానులోని కొలతలను ప్లై మీద చుక్కలుగా పెట్టి, ఆ చుక్కల వెంట సన్నని, ముడులు లేని కర్ర బద్దను వంచి గీత గీస్తారు. ఇక్కడ మీ నాన్నగారి కన్ను అవసరం. ఏదో ఒక చుక్క తప్పు పడితే బద్ద అక్కడ కాస్త ఉబ్బుతుంది లేదా లొంగుతుంది. నేల మీద పడుకుని బద్ద వెంట ఒక కంటితో చూస్తే అది దొరికిపోతుంది. కొలతకు, కంటికి తగాదా వస్తే రెండుసార్లు కొలత సరిచూసి, అప్పటికీ వంపు సాఫీగా లేకపోతే కంటినే నమ్మండి. ఎడమ, కుడి ముక్కలను విడివిడిగా కోయకుండా ఒకదానిపై ఒకటి పెట్టి బిగించి ఒకేసారి కోసి, ఒకేసారి చిత్రిక పట్టండి. రెండు పక్కలూ ఒకేలా ఉండడం ముఖ్యం, ఒక మిల్లీమీటరు అటూఇటూ అయినా రెండింటిలోనూ అయితే నష్టం లేదు.

తర్వాత అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక రంధ్రం చొప్పున బరమాతో వేసి, రాగి తీగ గాని, కట్టుడు తీగ గాని దూర్చి బయటివైపు మెలిపెట్టాలి. ఈ మెలిపెట్టే పని అబ్బాయికి ఇవ్వండి. మా అమ్మాయి తన 14వ ఏట రెండు మధ్యాహ్నాల్లో దాదాపు 90 కుట్లు వేసింది. అన్నీ ఒకేసారి బిగించకూడదు. మొదట వదులుగా వేసి, పడవ ఆకారం వచ్చిన తర్వాత చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోవాలి.

అతికించే ముందు పడవ మెలితిరిగిందేమో చూడండి. ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున రెండు తిన్నని కర్రలను పడవ అంచుల మీద అడ్డంగా పెట్టి, దూరంగా నిలబడి చూస్తే రెండూ సమాంతరంగా కనిపించాలి. ముక్కు మధ్య నుంచి వెనుక పలక రెండు మూలలకూ దారం పట్టి కొలిస్తే రెండూ సమానంగా రావాలి. కుట్లు ఉన్నంతవరకు మెలికను చేత్తో తీయవచ్చు. ఎపాక్సీ గట్టిపడితే ఆ పడవ జీవితాంతం ఒక పక్కకు లాగుతుంది. మీ నాన్నగారు రసమట్టం, మూలమట్టం తీస్తారు, అలవాటు. పడవలో లంబకోణాలు దాదాపు లేవు కాబట్టి మూలమట్టం పెట్టెలోనే ఉండవచ్చు.

ఇప్పుడు ఎపాక్సీ. ఇంటి పడవలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మా తీరంలో ఫైబర్ తెప్పలు చేసేవారు వాడేది పాలియెస్టర్ రెజిన్. దుకాణంలో ఊరికే "రెజిన్" అంటే అదే ఇస్తారు, చవక కూడా. అది అచ్చులో పోసి చేసే ఫైబర్ పడవకు సరైనదే, కాని కొయ్యను గట్టిగా పట్టుకోదు. ఏడాది రెండేళ్లలో పై పొర రేకులా లేచి, దాని కింద నీరు చేరి చెక్క కుళ్లుతుంది. ఎపాక్సీ అని స్పష్టంగా అడగండి. గాజు కూడా ముక్కలు అతికించిన మ్యాట్ కాకుండా నేసిన గుడ్డ కావాలి, ఎందుకంటే సాధారణ మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే పదార్థం పాలియెస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డ ఈ పడవకు సరిపోతుంది.

రెజిన్, దానిని గట్టిపరిచే హార్డెనర్ల నిష్పత్తి ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది, పైగా బరువులో చెప్పే నిష్పత్తి, కొలపాత్రలో చెప్పే నిష్పత్తి ఒకటి కావు. డబ్బా మీద ఉన్నది చదివి, వంటింటి ఎలక్ట్రానిక్ తూకంతో తూచి కలపండి. 2019లో మా అమ్మాయితో చేసిన పడవకు సాయంగా ఫైబర్ పని తెలిసిన ఒకతను వచ్చాడు. పాలియెస్టర్‌లో గట్టిపరిచే ద్రవాన్ని చినుకు ఎక్కువేస్తే త్వరగా ఆరుతుంది కదా అన్న అలవాటు కొద్దీ ఇందులోనూ హార్డెనర్ ఎక్కువ పోశాడు. ఎపాక్సీలో అలా కుదరదు, మిగిలిపోయిన హార్డెనర్ అలాగే జిగటగా ఉండిపోతుంది. ఆ ఒక్క అతుకును గీకి తీయడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది.

వేడిలో ఎపాక్సీ తొందరపడుతుంది. గిన్నెలో ఎక్కువ మొత్తం కలిపి ఉంచితే తన వేడికి తానే వేడెక్కి, పొగలు కక్కి, మీరు కుంచె ముంచేలోపే రాయి అవుతుంది. ఒక్కొక్కసారి 100 గ్రాములకు మించకుండా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పని చేయడం మేలు. పూత ఎప్పుడూ సాయంత్రం, ఎండ తగ్గుతున్నప్పుడు వేయండి. ఉదయం వేస్తే కొయ్య వేడెక్కే కొద్దీ లోపలి గాలి బయటకు వచ్చి పూతంతా బుడగలు లేస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆరిన పూత మీద మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది. దాని మీద ఇంకో పూత వేస్తే పట్టదు. గరుకు కాగితంతో రుద్దేముందే మామూలు నీటితో, అంట్లు తోమే పీచుతో ఆ జిడ్డును కడిగేయాలి.

మూలలను నింపడానికి ఎపాక్సీలో సన్నని చెక్కపొడి కలిపి, వేరుశెనగ వెన్నంత చిక్కగా చేసి, లోపలి మూల పొడవునా గుండ్రని అంచున్న కర్రతో లాగుతారు. అది ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే పైన గాజు పట్టీ పరిచి తడపాలి. కుట్ల మధ్య భాగాలను ముందు నింపి, గట్టిపడ్డాక తీగలు లాగేసి, మిగిలిన చోట్లు పూర్తిచేయండి. వేసే ప్రతి అతుకుకూ ముందు చెక్కకు పలుచని ఎపాక్సీ పూత తాగించాలి, లేకపోతే చెక్క జిగురును పీల్చుకుని అతుకు ఎండిపోతుంది. టేకు ముక్క ఎక్కడైనా వాడితే దానిలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవండి.

చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు, అబ్బాయి అసలే ముట్టుకోకూడదు. ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే ఒక రోజున ఒంటికి పడకుండా పోతుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ మనిషి ఇక జీవితంలో దాని దగ్గరకు పోలేడు. చేతికి అంటితే థిన్నర్‌తో కడగకండి, అది దానిని చర్మంలోకి ఇంకిస్తుంది, సబ్బుతో కడగండి. రుద్దేటప్పుడు వచ్చే దుమ్ముకు మంచి మాస్కు పెట్టుకోవాలి. నాన్నగారు నలభై ఏళ్లు చెక్కపొట్టు పీల్చాను నాకేమిటి అంటారు. మా నాన్నగారూ అన్నారు.

ఆయనకు ఇవ్వవలసిన పనులు వేరే ఉన్నాయి, పడవలో అందరి కన్నూ పడేవి అవే. పై అంచు చుట్టూ వచ్చే బద్దలు, చుక్కాని, పడవ అడుగున నీటిలోకి దించే డాగర్‌బోర్డు పలక, దాన్ని పట్టి ఉంచే గూడు, తెరచాప కొయ్య. అన్నిటికన్నా కొయ్య చేయడంలో ఆయనకు ఎక్కువ తృప్తి కలుగుతుందని నా నమ్మకం. ముడులు లేని, పోగు తిన్నగా ఉన్న పైన్ చెక్కను రెండు బద్దలుగా కోసి, ఒకదాన్ని తిరగేసి, ఎపాక్సీతో అతికిస్తే భవిష్యత్తులో వంగదు. ముందు చదరంగా చేసి, అవసరమైన చోట సన్నబరిచి, తర్వాత ఎనిమిది పలకలుగా, పదహారుగా, చివరకు గుండ్రంగా చిత్రిక పట్టాలి. చదరాన్ని సరైన ఎనిమిది పలకలుగా గుర్తించడానికి ఒక చిన్న ఉపాయం ఉంది: ఒక కర్ర ముక్కకు 24 పాళ్ల దూరంలో రెండు మేకులు కొట్టి, మధ్యలో 7, 10, 7 పాళ్లుగా విడదీసే చోట రెండు పెన్సిళ్లు దిగ్గొట్టి, మేకులు రెండూ చెక్క అంచులను తాకేలా కాస్త అడ్డంగా తిప్పి పట్టుకుని పొడవునా లాగితే రెండు గీతలు పడతాయి. చెక్క సన్నబడుతున్న కొద్దీ గీతలు వాటంతటవే దగ్గరవుతాయి. ఇలా నాలుగు ముఖాల మీదా గీసి, గీత వరకు మూలలు తీసేయడమే. ఈ ఉపాయం నేను మా నాన్నగారికి చెప్పినప్పుడు ఆయన పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఆ కర్రను తిప్పి తిప్పి చూశారు.

అంత ఓపిక లేకపోతే ముదురు వెదురుబొంగు కూడా కొయ్యగా పనిచేస్తుంది. కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టినదైతే పురుగు అంత త్వరగా పట్టదు.

మేకులు ఎక్కడా వద్దు. అంచు బద్దలకు తాత్కాలికంగా మరలు కావలసివస్తే ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి, ఇనుము తుప్పు పట్టి ప్లైని తినేస్తుంది. ఆయన చేతికి అలవాటైన తెల్ల జిగురు పడవలో ఏ భాగానికీ పనికిరాదు.

తెరచాపకు గాలి ఒక పక్క నుంచి తగిలితే పడవ ముందుకు పోవడంతో పాటు పక్కకూ జారాలని చూస్తుంది, ఆ జారుడును ఆపేది డాగర్‌బోర్డు పలక. అందుకే దాని గూడు మీద పడే ఒత్తిడి ఎక్కువ, ఇంటి పడవల్లో నీరు కారేది కూడా దాదాపు ఎప్పుడూ ఆ గూటి అడుగు నుంచే. గూడు లోపలి ముఖాలకు రెండు మూడు పూతల ఎపాక్సీ, వీలైతే గాజు గుడ్డ, గూడును బిగించక ముందే వేయండి. తర్వాత అందులోకి చెయ్యి దూరదు. తెరచాపను కొనడం తేలిక, పాలియెస్టర్ తెరచాప గుడ్డతో కుట్టినవి దొరుకుతాయి. మొదటి సంవత్సరం మామూలు టార్పాలిన్‌తో కుట్టుకున్నా పనిచేస్తుంది, అయితే చదునుగా కోసిన గుడ్డ కన్నా అంచుల్లో కొద్దిపాటి గుండ్రదనం ఇచ్చి, గాలి నిండినప్పుడు లోతు వచ్చేలా కుట్టినది చాలా బాగా లాగుతుంది.

రంగు విషయానికొస్తే, ఎపాక్సీ సూర్యరశ్మికి పాడవుతుంది కాబట్టి పైన పెయింటు తప్పనిసరి, తెలుపో లేత రంగో వేయండి. ముదురు రంగు వేసిన పడవను మే నెలలో ముట్టుకోలేరు.

తేలుడు సంగతి మాత్రం రాజీపడకూడదు. ఒక లీటరు గాలి నీటిలో ఒక కిలో బరువును మోస్తుంది. ప్లైవుడ్ తనంతట తాను తేలినా, నీరు నిండిన పడవ మనిషిని మోయలేదు, అంచులు నీటిమట్టంలో ఉండిపోతే తోడిపోయడం కూడా కుదరదు. ఆప్టిమిస్టుల్లో ఇందుకోసం మూడు గాలి సంచులు కడతారు. మీరు అవి తెప్పించుకోవచ్చు, లేదా ముందూ వెనుకా మూసిన గదులు చేసి లోపల థర్మోకోల్ దిమ్మలు పెట్టవచ్చు. ఎపాక్సీ దానిని కరిగించదు, పాలియెస్టర్ కరిగిస్తుంది. మూసిన గదికి తెరిచి చూసే మూత ఉండాలి, లోపలి తడి ఆరకపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది. రంగు వేయకముందే నడుము లోతు నీటిలో పడవను కావాలని బోల్తా కొట్టించి, నిండా నీరుతో ఎంత తేలుతుందో, అబ్బాయి దానిని తిరగేసి ఎక్కగలడో లేదో చూడండి.

పడవను పెరట్లోంచి బయటకు ఎలా తేవాలన్న ప్రశ్న చాలామంది ఆలస్యంగా అడుగుతారు, మీరు ముందే అడిగారు. 1.12 మీటర్ల వెడల్పు మూడడుగుల తలుపులో పట్టదు, పక్కకు తిప్పితే పడుతుంది; కాని ద్వారం దాటిన వెంటనే మలుపు ఉంటే 2.36 మీటర్ల పొడవు అడ్డం పడుతుంది. అట్టతో అదే కొలత చట్రం కట్టి ఒకసారి దారి వెంట మోసి చూడండి.

ఖర్చు విషయంలో 2019లో నాకు ప్లై, ఎపాక్సీ, గాజు గుడ్డ, తెప్పించుకున్న తెరచాప, తాళ్లు, స్టీలు సామాను అన్నీ కలిపి సుమారు 38,000 రూపాయలు అయింది. ఇప్పుడు అంతకన్నా ఎక్కువే అవుతుంది. అందరూ ప్లై దగ్గర బేరమాడతారు గాని ఎపాక్సీ, తెరచాప కలిపితే సగానికి పైగా పోతుంది. ఇద్దరి పని కలిపి దాదాపు 150 గంటలు పట్టింది, అందులో మూడోవంతు రుద్దడమే.

చివరగా గోదావరి గురించి. జూలై నుంచి అక్టోబరు వరకు వరద, ఆ నెలల్లో నదిలోకి దిగవద్దు. తర్వాత ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన నీరు వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది కాబట్టి నేర్చుకోవడానికి అనువే, అయితే బ్యారేజీ వైపు, వంతెనల స్తంభాల దగ్గరకు పోకూడదు. ఇసుక తీసిన చోట్ల నడుము లోతు అనుకున్నది ఒక్కసారిగా నిలువు లోతు అవుతుంది, ఇసుక పడవల వారిని అడిగితే ఎక్కడెక్కడో చెబుతారు. జలవనరుల శాఖ కార్యాలయంలో, పోలీసు స్టేషనులో ముందుగానే చెప్పి అనుమతి సంగతి తేల్చుకోండి. వీలైతే పడవ పూర్తయ్యేలోపు అబ్బాయిని హైదరాబాదు పంపండి. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు ఆప్టిమిస్టుల మీదే తెరచాప నడపడం నేర్పుతారు, ఈత వస్తేనే.

మొదటి రోజున ఉదయం, గాలి బలం పుంజుకోకముందే దించండి. అబ్బాయికి లైఫ్ జాకెట్టు వేసి, పడవ ముక్కుకు 15 మీటర్ల తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను పక్కన వచ్చే జాలరి నావలో కూర్చున్న మీ నాన్నగారి చేతికి ఇవ్వండి. ఆయన కూడా లైఫ్ జాకెట్టు వేసుకోవాలి. పడవలో అందరికీ చోటు లేదన్న సమస్య దానితో తీరుతుంది, పైగా డాగర్‌బోర్డు గూట్లోంచి నీరు కారితే ముందు ఆయనకే కనిపిస్తుంది.